ఆపద్వైద్యునికి సారథి యెవ్వరు?

తెలుగునాట 'కోచింగు' అను మాట చెవిని బడినంతనే మన కన్నులకు గట్టునవి విజయవాడ, గుంటూరు, హైదరాబాదు పట్టణములలోని పోటీపరీక్షల పాఠశాలలు. కుమారుని వైద్యునిగా జూడగోరిన తండ్రి యెకరము పొలము నమ్మియైనను వానిని కోచింగునకు బంపును. ఆ బాలుడు పరీక్ష నెగ్గి, కళాశాలలో జేరి, పట్టము పొంది, యొకనాటి రాత్రి పెద్దయాసుపత్రిలోని ఆపద్విభాగమున రోగుల నడుమ నొంటరిగా నిలుచును. అంతటితో వాని కోచింగు ముగిసినదని తండ్రి తలచును, ప్రభుత్వము తలచును, లోకము తలచును. యథార్థమునకు వానికి సారథి కావలసిన ఘడియ యప్పుడే యారంభమగుచున్నది. జనులు క్యాజువాలిటీ యని పిలుచు ఆ విభాగములో బనిచేయు వైద్యులకు కోచింగు ఏల కావలెను, అది యెట్టిదై యుండవలెను అను విషయమును గూర్చి నేడు మా పాఠకులకు విన్నవింప దలచితిమి.

మాట వెనుక కథ

'కోచ్' అను ఇంగ్లీషు మాటకు మూలము హంగేరీ దేశములో అదే పేరుగల యొక పల్లె. పదునైదవ శతాబ్దమున ఆ పల్లెలో తయారైన బండ్లు సుఖప్రయాణమునకు పేరొందగా, ఊరి పేరే బండికి పేరై పెక్కు యూరపు భాషలలోనికి వ్యాపించెను. 1830 ప్రాంతమున ఆక్సుఫర్డు విద్యార్థులు, పరీక్షను దాటించు ఉపాధ్యాయుని పరిహాసముగా 'కోచ్' అనిరి. బండి యెక్కించి గమ్యము జేర్చువాడని భావము. పిమ్మట నా మాట క్రీడారంగమునకు బోయెను. 1974లో టిమోతి గాల్వే టెన్నిసు ఆటను గూర్చియు, 1992లో జాన్ విట్మోరు ఉద్యోగవ్యవహారములను గూర్చియు వ్రాసిన గ్రంథములతో దాని యర్థము మఱియొకమాఱు మారెను. వీరి మతమున కోచ్ పాఠము చెప్పువాడు కాడు. ప్రక్కనుండి చూచి, ప్రశ్నించి, పనిచేయువాడు తన లోపమును తానే కనిపెట్టి దిద్దుకొనునట్లు చేయువాడు.

ఉపాధ్యాయుడు తనకు దెలిసినది చెప్పును. పరీక్షకుడు తూకము వేయును. పై యధికారి యాజ్ఞ యిచ్చును. ఈ మువ్వురిలో నెవ్వరును గాని యీ నాలుగవవానికై మన భాషలో పేరు వెదుకుకొన బనిలేదు. బండి నడుపుచు ప్రక్కన నుండువాడు సారథి.

భారతమున ఇద్దఱు సారథులు గలరు. ఇరువురును గుఱ్ఱములను నడుపుటలో సమర్థులే. శ్రీకృష్ణుడు ఆయుధము పట్టనని ముందే చెప్పెను. గాండీవము చేజారి, నోరెండి, వణకుచున్న యర్జునుని జూచి 'నీవు దిగుము, నేను యుద్ధము చేసెద'నని యనలేదు. రథమును రెండు సేనల నడుమ నిలిపి, వాని సందేహమును బూర్తిగా విని, విల్లు మరల వానిచేతనే పట్టించెను. శల్యుడన్ననో, కర్ణుని తేజమును దగ్గించుటకు ధర్మరాజుతో ముందుగనే యొప్పందము గావించుకొన్నవాడు. యుద్ధమధ్యమున దన రథికుని నిందించుటయే వాని సారథ్యము. అందుచేతనే నేటికిని మన తెలుగువారు ధైర్యము జెఱచు తోడును 'శల్యసారథ్య'మందురు. ప్రాణాపాయమున మనల గాపాడవలసిన వైద్యునికి నేడు మన మిచ్చుచున్నది యే సారథ్యము? ఇదియే మా ప్రశ్న.

క్రొత్త విద్య, పాత బరువు

ఆపద్వైద్యము ప్రత్యేకశాస్త్రముగా మిక్కిలి చిన్నవయస్సుది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు అలెగ్జాండ్రియా ఆసుపత్రియందు 1961లో జేమ్సు మిల్సు అను వైద్యుడు మఱి మువ్వురితో గలిసి, సొంత వైద్యవృత్తిని విడిచి, ఆపద్విభాగములోనే పూర్తికాలము పనిచేయ మొదలిడెను. 1970లో సిన్సినాటిలో దీనికై మొదటి ప్రత్యేకశిక్షణ యేర్పడెను. 1979లో అచ్చట ప్రత్యేకశాఖగా గుర్తింపు వచ్చెను. మన దేశమున భారత వైద్యమండలి దీనిని గుర్తించినది 2009లో.

విద్య క్రొత్తదైనను బరువు పాతదే. 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున సుప్రీముకోర్టు, గాయపడి వచ్చినవానికి పోలీసు లాంఛనములకై వేచియుండక వెంటనే చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని తీర్పుచెప్పెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 వాహనసేవ ఆరంభమయ్యెను. పిలిచినంతనే బండి వచ్చును. బండి రోగిని తలుపు జేర్చును. తలుపులోనివాడు కాదనుటకు వీలులేదు. ఇవి యన్నియు మంచివే, అవసరమైనవే. ఐనను ఆ తలుపులోపల నిలిచినవానికి బలమెక్కడినుండి వచ్చునని యడిగినవారు అరుదు.

ఆ తలుపులోపలి రాత్రి యెట్టిదో మా పాఠకులలో బలువు రెఱుగుదురు. మిరప, ప్రత్తి పండు సీమలలో పురుగులమందు త్రాగినవారిని తెచ్చుట క్రొత్తగాదు. కనుపాపలు సూదిమొనలంతయై, నోట చొంగ గారుచు, ఊపిరితిత్తులు నీటితో నిండుచున్న యా రోగికి అట్రోపిను సూదిమందును కొన్ని నిమిషముల కొకసారి మోతాదు రెట్టించుచు, ఊపిరి పొడియగు వఱకు నీయవలెను. ఆ లెక్క మనసున నుండగనే పాము కఱచిన కూలీ యొకడు, మోటారుసైకిలు మీదినుండి పడి తల పగిలిన కుఱ్ఱవాడొకడు, ఱొమ్ము పట్టుకొని వచ్చిన వృద్ధుడొకడు. అమెరికాలో 2000 సంవత్సరమున ప్రకటితమైన పరిశీలనయందు, ఆపద్వైద్యుని పనికి 180 నిమిషములలో సగటున 31 పర్యాయములు అంతరాయము గలుగుచున్నట్లు తేలెను. అనగా ఆఱు నిమిషములైనను ఒక తలపు తెగక సాగదు.

ఇట్టి స్థితిలో పొరబాటు విద్యాలోపమువలననే గలుగదు. మొదట దోచిన తలపే మనసునకు లంగరగును. సారావాసన గొట్టుచున్నవాని ఱొమ్మునొప్పిని సారాకే కట్టిపెట్టి, గుండెను మఱచుట సంభవించును. చదువు లేక కాదు. చదివినది ఆ క్షణమున చేతికందక. కన్ను లోకమునెల్ల జూచును గాని తన్ను దాను జూడలేదు. తన్ను జూపు నద్దము మఱియొకరి చేత నుండవలసినదే.

నిపుణుడే సారథిని గోరుకొనిన కథ

అతుల్ గవాండే పేరు విననివారరుదు. మహారాష్ట్రమూలముగల యీ అమెరికా శస్త్రవైద్యుడు 2011లో 'న్యూయార్కర్' పత్రికలో దన యనుభవ మొకటి వ్రాసెను. ఎనిమిదేండ్లు శస్త్రచికిత్సలు చేసిన పిమ్మట దన నైపుణ్య మొక్కచోటనే నిలిచిపోయినట్లు ఆయనకు దోచెను. ఆటగాండ్రకు జీవితాంతము కోచ్ ఉండగా వైద్యునికేల యుండరాదని, తనకు బూర్వము శిక్షణ యిచ్చి విశ్రాంతి దీసికొనిన రాబర్టు ఆస్టీను అను పెద్దను బిలిచి, శస్త్రచికిత్స చేయుచుండగా జూడుమనెను. ఆ చికిత్స చక్కగనే సాగినదని గవాండే తలచెను. పెద్దాయన చిన్న పుస్తకమునిండ వ్రాసికొనెను. దీపము పక్కకు దొలగి చాలసేపు కాంతి గాయముపై సరిగా బడలేదు. వస్త్రములు కప్పిన తీరు సహాయకునికి నిలువ జోటు లేకుండ జేసినది. మోచేయి పైకి లేచుచున్నది, లేచినపుడెల్ల పాదము కదల్పవలెను లేదా పనిముట్టు మార్పవలెను. ఇవి తెలియని సంగతులు గావు, కనబడని సంగతులు.

ఈ కథలో మాకు నచ్చినది దీపము కాదు, మోచేయి కాదు. దేశప్రసిద్ధుడైన వైద్యుడు, తన చేతికింది పడుచువారు చూచుచుండగా, 'నన్ను గనిపెట్టి చూచి లోపము చెప్పు'డని యొకరిని గోరుట. మన యాసుపత్రులలో పెద్దలు ముందుగా నేర్వవలసిన దీ యొక్కటియే.

ఆపదలో తీరిక యెక్కడిది?

'శస్త్రవైద్యునికి దీరిక గలదు. ఆపద్విభాగములో ప్రాణము బోవుచుండగా ప్రశ్నోత్తరములకు వేళ యెక్కడ' యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆక్షేపణ యుక్తమైనదే, దానికి సమాధానము మూడు విధముల దొరకినది.

మొదటిది, పని జరుగుచుండగనే. గుండె యాగినవానికి ఱొమ్ము నొక్కవలసిన వేగము నిమిషమునకు 100 మొదలు 120. పెద్దవారిలో లోతు 5 మొదలు 6 సెంటీమీటర్లు. రెండు నిమిషములలో నెంత బలశాలియైనను డస్సిపోవును. తాను డస్సినట్లు తానెఱుగడు. కనుక నాయకునికి వేఱుగా నొక్కనిని నొక్కువాని కెదురుగా నిలిపి, 'ఇంకను లోతుగా', 'కొంచెము నెమ్మదిగా', 'మంచిది, అట్లే కానిమ్ము' అని చెప్పుటయే పనిగా నియమించుట కొన్ని దేశములలో నాచారమైనది. 2018లో ఆడం చెంగు మున్నగువారు శిశువుల బొమ్మలపై జరిపిన పరీక్షలలో, ఇట్టి కోచ్ ఉన్న బృందములు మేలుగా నొక్కినట్లు తేలెను. ఇచ్చట సారథ్యము మూడు మాటలకు మించదు. ఐనను అది సారథ్యమే.

రెండవది, పని ముగిసిన పిమ్మట. షికాగో విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో, గుండె యాగిన సందర్భములందు యంత్రము వ్రాసికొనిన లెక్కలను ముందుంచుకొని, వారమున కొకమాఱు వైద్యులు గూర్చుండి తమ పనిని దామే విమర్శించుకొనిరి. 2008లో ప్రకటితమైన ఫలితమిది: రక్తప్రసారము మరల నారంభమైనవారు నూటికి 44.6 నుండి 59.4కు బెరిగిరి. ఆసుపత్రి విడిచి యిల్లు జేరినవారి సంఖ్యలో మాత్రము చెప్పదగిన భేదము గానరాలేదు. సత్యమును సగము చెప్పుట మా వ్రతము కాదు గావున రెంటిని జెప్పుచున్నాము.

మూడవది, శిక్షణపద్ధతిలోనే చేర్చుట. కెనడా దేశమున 2018లో ఆపద్వైద్యశాఖ, సామర్థ్యమును బట్టి శిక్షణ నిచ్చు క్రొత్తపద్ధతికి మాఱెను. అచ్చట పెద్దవైద్యుని పనికి అయిదు మెట్లు చెప్పిరి: శిష్యునితో చనవేర్పఱచుకొనుట, ఈ పూట దేనిని గమనింపవలెనో ముందే యనుకొనుట, కన్నులార జూచుట, చూచినదానిపై మెఱుగుదల సూచించుట, వ్రాసియుంచుట. మూడవ మెట్టును మరల జదువుడు. చూడక తీర్పు చెప్పుట మన యాసుపత్రులలోని సామాన్యరోగము. రాత్రి యేమి జరిగెనో చూడనివాడు తెల్లవాఱి కాగితము జూచి కేకలు వేయును.

కేకల శాస్త్రము

కేక వేసినగాని పని రాదని మన పెద్దల నమ్మకము. 1996లో క్లూగర్, డెనీసి అను ఇరువురు పండితులు, పనిచేయువానికి వాని పనిని గూర్చి చెప్పుటవలన గలుగు ఫలితములపై అంతకుముందు జరిగిన పరిశోధనల నన్నిటిని గ్రోడీకరించి చూచిరి. సగటున మేలే కనబడినను, మూడింట నొకవంతుకు మించిన సందర్భములలో చెప్పుటవలన పని మెఱుగుపడుటకు మాఱు చెడెను. మాట పనిమీదినుండి మనిషిమీదికి మరలినకొలది ఫలము తగ్గునని వారి వివరణము. 'ఈ మోతాదు ఆలస్యమైనది, ఏల?' అనునది పనిని గూర్చిన మాట. 'నీకు వైద్యమెవ్వడు నేర్పెను?' అనునది మనిషిని గూర్చిన మాట. మొదటిది కృష్ణసారథ్యము, రెండవది శల్యసారథ్యము.

ఈ విషయమున మేమును నిర్దోషులము కాము. కొన్ని యేండ్లక్రిందట మా బంధువు నొకనిని అర్ధరాత్రమున నొక యాసుపత్రికి దీసికొనిపోయితిమి. పరీక్షించుచున్న పడుచు వైద్యురాలు నడుమ విడిచి వేఱు మంచమునొద్దకు బరుగెత్తినది. మేము గొంతెత్తి మాటలాడితిమి; పత్రికవారమని గూడ జెప్పితిమి. ఆమె బదులు చెప్పలేదు. మా బంధువు బ్రదికెను. తెల్లవాఱుచుండగా తెలిసినది, ఆ వేఱు మంచముపై నొక శిశువు కన్నుమూసెనని. అంతలో పై యధికారి వచ్చి, మా యందఱి యెదుటను, కాగితము సరిగా వ్రాయలేదని యామెను గద్దించెను. ఆ శిశువును గూర్చి యామె నెవ్వరు నేమియు నడుగలేదు. మేమును అడుగలేదు. మెట్లపై గూర్చున్న యామె చేతులు వణకుచుండుట చూచి తల వంచుకొని వచ్చితిమి. ఆ యుదయమున నామెకు గావలసినది పది నిమిషములు ప్రక్కన గూర్చుండి, 'ఏమి జరిగినదమ్మా, చెప్పు' అను మనుష్యుడొక్కడు. అంత పెద్ద యాసుపత్రిలో నా యొక్కడు లేడు.

ఇట్టివారి బాధ ఒక్క రాత్రితో దీరునది కాదు. అమెరికాలో 7,288 మంది వైద్యుల నడిగి 2012లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి 45.8 మందికి, లోలోన గాలి బొగ్గగునట్టి యుద్యోగశ్రమ లక్షణములలో నొక్కటియైనను గలదని తేలెను. ఆపద్వైద్యులు అందు ముందువరుసలో నుండిరి. 2020లో కోవిడు మహమ్మారి న్యూయార్కును ముట్టడించిన దినములలో, అచ్చటి యొక యాపద్విభాగమునకు అధిపతియైన డాక్టరు లోర్నా బ్రీను తన ప్రాణము దానే తీసికొనెను. సాయమడిగిన వైద్యుని అసమర్థునిగా జూచు లోకమే యామెను సాయమడుగనీయలేదని యామె వారు చెప్పిరి. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వము వైద్యసేవకుల మనఃక్షేమమునకై యామె పేరిట శాసనము గావించెను. శాసనము రావలసినదే, మనిషి పోయిన పిమ్మట వచ్చినది.

కోచింగు ఈ బాధకు మందగునా? మేయో వైద్యసంస్థలో 88 మంది వైద్యులను చీటీవేసినట్లు రెండుగా విభజించి, యొక భాగమువారికి టెలిఫోనుమీద ఆఱు సంభాషణలు, అన్నియు గలిపి మూడున్నర గంటలు, కోచ్ సాయ మేర్పాటుచేసిరి. 2019లో ప్రకటించిన ఫలితము ప్రకారము, అయిదు నెలలలో వారిలో తీవ్రమైన మానసికాయాసము గలవారు నూటికి 19.5 తగ్గగా, సాయము పొందనివారిలో 9.8 పెరిగిరి. రోగులయెడ గలుగు విముఖతలోను, ఉద్యోగతృప్తిలోను మాత్రము స్పష్టమైన భేదము లేదు. వీరు ఆపద్వైద్యులును గారు. కావున దీనిని సర్వరోగనివారిణిగా మేము చాటము. ఐనను మూడున్నర గంటల మాటకు ఇంత ఫలమున్నచో, దానిని బరీక్షించి చూడకుండుట వివేకము కాదు.

ఏమి చేయవలెను?

మా యభిప్రాయమున నాలుగు నియమములు పాటించినగాని యిది ఫలింపదు. ఒకటి, సారథి పరీక్షకుడు గాని పై యధికారి గాని కారాదు. మార్కులు వేయువాని యెదుట నెవ్వడును దన లోపమును విప్పి చెప్పడు. రెండు, చెప్పిన మాట ఆ యిద్దఱి నడుమనే యుండవలెను. ప్రాణాపాయము గన్పట్టినపుడు తప్ప దాటరాదు. మూడు, ఇందులకై కేటాయించిన వేళ యుద్యోగవేళలోని భాగము కావలెను. ముప్పది గంటలు నిలిచినవానిని ముప్పదియొకటవ గంట కూర్చుండుమనుట సాయము కాదు, శిక్ష. నాలుగు, సారథికిని శిక్షణ కావలెను. నలువదేండ్లు వైద్యము చేసినంతమాత్రమున వినుట రాదు. మన రెండు తెలుగురాష్ట్రములలో విశ్రాంతి దీసికొనిన యనుభవశాలురైన వైద్యులు, పెద్ద నర్సులు ఎందఱో గలరు. ఒకటి రెండు బోధనాసుపత్రులలో వీరితో నారంభించి, యేడాది చూచి, ఫలితమును బహిరంగముగా బ్రకటింపవచ్చును. నర్సులను, 108 బండిలోని సిబ్బందిని మఱువరాదు. మొదట చావును జూచువారు వారే.

ఇక నొక హెచ్చరిక. సారథిని నియమించి గుఱ్ఱముల నమ్ముకొనుట పాలకులకు సుళువు. హౌస్ సర్జనులు మొదలగువారికి మీదివారైన రెసిడెంటు వైద్యుల పని దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని కేంద్రప్రభుత్వము 1992లోనే యుత్తర్వు చేసినది. 2024లో జాతీయ వైద్యకమిషను నియమించిన సంఘము వారమునకు 74 గంటలు మించరాదని సిఫారసు చేసినది. నలువదియెనిమిదినుండి డెబ్బదినాలుగునకు రావలసివచ్చిన దన్న, నడుమ నేమి జరుగుచుండెనో పాఠకులే యూహింపగలరు. అదే సంవత్సరము ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, దీర్ఘమైన డ్యూటీ నడుమ విశ్రమించిన వైద్యురాలిపై జరిగిన ఘాతుకమును దేశ మింకను మఱువలేదు. మంచములు లేనిచోట, మనుష్యులు చాలనిచోట, తలుపునకు గావలి లేనిచోట కోచింగు ఒక వేషము మాత్రమే. రథము, గుఱ్ఱములు, అమ్ములపొది ముందు, వానితోడ సారథి. ఒకదానికి మాఱు వేఱొకటి కానేరదు.

మా పాఠకులలో పలువురు ఆసుపత్రి అభివృద్ధిసంఘములలో సభ్యులు. కొందఱు బల్లలు, పంకాలు దానముచేసి వానిపై బేరు వ్రాయించుకొన్నవారు. ఆ దానము మంచిదే. ఈమాఱు సమావేశమునకు బోయినపుడు ఒక్క ప్రశ్న యడుగుడు: 'రాత్రి మన క్యాజువాలిటీలో నొక శిశువు చనిపోయినచో, తెల్లవాఱి ఆ వైద్యునితో మాటలాడువా రెవ్వరు?' సమాధానము రాకున్న, వచ్చు సమావేశమున మరల నడుగుడు. అడుగుటకు పైకము పట్టదు.

మనలో నెవ్వరమే రాత్రి ఆ తలుపు తట్టుదుమో యెఱుగము. పాము గట్టున గఱచును. లారీ బాటపై గొట్టును. గుండె నిద్రలో నాగును. ఆ ఘడియ మన ప్రాణము ఎవరి చేతిలో నుండునో ఆ చేయి వణకకుండ నుండవలెనన్న, దాని వణకును ముందొకనాడు ఎవ్వరైనను ప్రక్కన గూర్చుండి చూచి యుండవలెను.